గువ్వలంకకు వచ్చిన పడవ

అనగనగా, నీలవేణి అనే నది రెండు పాయలుగా విడిపోయి, అలిగిన అక్కాచెల్లెళ్లలా కాస్త దూరం ఎడమొహం పెడమొహంగా నడిచి, మళ్లీ కలుసుకునే చోట ఒక లంక ఉండేది. చుట్టూ నీళ్లు. నడుమ మెత్తని ఇసుక. ఇసుకలో దోసపాదులు, మిరప మళ్లు. ఒడ్డు పొడవునా తెల్లని రెల్లు. పొద్దు వాలితే గువ్వలన్నీ వచ్చి ఆ రెల్లులో దిగేవి. అందుకే దానికి గువ్వలంక అని పేరు.

ఆ లంకలో అరవై గడపలు. అందులో ఒక గడప పైడిది.

పైడికి ఇరవై ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లకు కడుపు పండింది. ఆ సంతోషంలో ఆమెకు నేల మీద కాళ్లు నిలిచేవి కావు. దోసపాదుకు నీళ్లు పోస్తూ పోస్తూ బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. ఏటి మీద ఎండ మెరుస్తుంటే, ఆ మెరుపులన్నీ ఏరి పిల్లకు పరికిణీ కుట్టించినట్టు కలలు కనేది.

"ఆడపిల్లే పుడుతుంది మావా. కళ్లు నావి వస్తాయి. ముక్కు మాత్రం నీది రాకూడదని మొక్కుకున్నాను" అనేది.

"నా ముక్కుకేమొచ్చిందే?" అనేవాడు మొగుడు గవరయ్య.

"నీకు బాగానే ఉంది. పసిపిల్ల, అంత ముక్కు మొయ్యలేదు."

ఇద్దరూ నవ్వుకునేవారు. కానీ నవ్వు ఆగగానే ఇద్దరి చూపూ ఏటి మీదికే పోయేది.

ఎందుకంటే, పిల్లలూ, ఆ లంకకు పడవ లేదు.

ఒకప్పుడు ఉండేది. ఇప్పటి రాజు కీర్తికేతుడి తాతగారు లంకకు రేవు పడవ వేయించారు. లంకవాళ్లు పండినదాంట్లో ఆరో పాలు రాజుకు ఇవ్వాలి, రాజు వాళ్లకు పడవ నడపాలి. అదీ ఒప్పందం. ఆ నదిలో పెద్ద పడవ కట్టే హక్కు రాజు ఒక్కడిదే. ఇంకొకరు కడితే శిక్ష. అంతకు ముందు ఏడాది వరదలో ఆ పాత పడవ బండకు కొట్టుకుని రెండు ముక్కలైంది. ఆరో పాలు తీసుకుపోవడానికి రాజుగారి మనుషులు వేళకే వచ్చారు. పడవ మాత్రం రాలేదు.

తాటి దుంగ తొలిచిన దోనెలు లంకలో నాలుగున్నాయి. ఏరు పలచగా ఉన్న నెలల్లో వాటి మీద ఎలాగో దాటొచ్చు. ఆషాఢం వచ్చి ఎర్రనీరు దిగిందంటే దోనె ఆకులా తిరగబడుతుంది. పైడికి శ్రావణంలో నెలలు నిండుతాయి. మంత్రసాని ముత్యాలమ్మ ఉండేది ఏటికి అవతల.

ఆషాఢం లోపల పడవ రావాలి. పైడికి కావలసింది అంతే.

ఆ రాజ్యంలో ఒక మర్యాద ఉండేది. ప్రతి పున్నమికీ రాజు ప్రజల మొర వినేవాడు. మొర వినే ముందు, వచ్చినవాళ్లందరికీ అరిటాకులు వేయించి, రాజే నడుం వంచి తన చేత్తో వడ్డించేవాడు. "ఇంకొంచెం వేయించుకో తండ్రీ", "నెయ్యి చాలా తల్లీ" అని పేరుపేరునా అడిగేవాడు. చూసినవాళ్లు పులకించిపోయేవారు.

గువ్వలంకలోనూ ఒక కట్టు ఉండేది. ఒకరి చేతి అన్నం తిన్నాక, ఆ పొద్దు గుంకేదాకా వాళ్లను పల్లెత్తు మాట అనకూడదు. లోటు ఎత్తి చూపకూడదు. అలా అంటే ఏరు పగబడుతుందని వాళ్ల నమ్మకం.

రెండూ మంచి అలవాట్లే. ఆ రెండూ ఒకచోట కలిసేసరికి ఏమైందో వినండి.

ఫాల్గుణ పున్నమికి లంక తరఫున పెద్దకాపు సూరన్న బయలుదేరాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఎవరింట్లో పంచాయితీ వచ్చినా ఆయన మాటే తీర్పు. అవతలి గట్టు నుంచి రెండు రోజుల నడక. పైడి ఆయనకు దారిలో తినడానికి అటుకులు మూటకట్టి ఇచ్చింది.

"తాతా, పడవ సంగతి మర్చిపోకు."

"దానికోసమేగా పోతున్నది! నేనేమన్నా ఊరు చూడ్డానికి పోతున్నానా పిచ్చిపిల్లా!" అన్నాడు సూరన్న.

అయిదో రోజు తిరిగొచ్చాడు. భుజం మీద జరీ అంచు శాలువా. మొహం నిండా వెలుగు. లంక అంతా రేవులో చేరింది.

"ఏమన్నారు తాతా?"

"ఎంత మనిషిరా ఆ రాజు! నా పక్కన గొంతుక్కూర్చుని పులిహోర వడ్డించాడు. మా తాతగారి నాటి మనిషివి, నువ్వు నాకూ తాతవే అన్నాడు. శాలువా తనే కప్పాడు."

"పడవ?"

సూరన్న మొహంలో వెలుగు మెల్లగా దిగిపోయింది. "భోజనమయ్యాక, ఏమైనా లోటుందా అని మంత్రి అడిగాడు. అన్నం తిన్న నోటితో లోటుందని ఎలా అనను? ఏమీ లేదు ప్రభూ అన్నాను. రాసుకున్నారు."

"ఏమని రాసుకున్నారు?"

"గువ్వలంకలో ప్రజలు సుఖంగా ఉన్నారని."

 సూరన్న శాలువా తీసి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. ఎండగా ఉందని అన్నాడు.

చైత్ర పున్నమికి భూలోకం అనే అతను తాను పోతానన్నాడు. అతనికి గొంతు పెద్దది. ఈ ఒడ్డున కేకేస్తే అవతలి గట్టున మేకలు బెదిరేవి. పెళ్లాం "ఉప్పందుకో" అని పక్కనుంచి అడిగినా, "ఏంటీ!" అని అతను పలికితే నాలుగిళ్లవాళ్లు బయటికొచ్చేవారు.

"పెద్దాయన మెత్తనోడు. నన్ను పంపండి. సింహాసనం కాళ్లు కదిలిపోయేలా అడిగేస్తాను!"

"ముందు తినకు, అడుగు" అని పైడి చెప్పింది.

"తినను. ఆకు ముందు రాయిలా కూర్చుంటాను చూడు."

భూలోకం నిజంగానే రాయిలా కూర్చున్నాడట. అన్నం వద్దన్నాడు. పప్పు వద్దన్నాడు. అప్పుడు రాజు స్వయంగా ఒక బూరె తుంచి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసి ఎదురుగా పట్టుకుని, "ఈ ఒక్కటీ నా కోసం" అన్నాడట. ఒక్క బూరెతో ఏమవుతుందిలే అనుకున్నాడు భూలోకం. ఆ ఒక్క బూరెతో అయిపోయింది. గొంతులోంచి గాలి తప్ప పడవ మాట రాలేదు.

"ఏమీ అడగలేదా?" అన్నారు ఊళ్లోవాళ్లు.

"లోటని అనకుండా ఎలా అడగాలో తెలీక, 'మా రేవుకి ఏదైనా చెయ్యండి ప్రభూ' అన్నాను" అన్నాడు భూలోకం, ఆ రోజు మాత్రం చాలా చిన్న గొంతుతో. "తప్పకుండా చేస్తామన్నారు."

చేశారు కూడా. పదిహేను రోజులకు ఎగువ నుంచి పెద్ద పడవ ఒకటి వచ్చింది. పైడి చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. ఆ పడవ నిండా చెక్కిన రాళ్లు. పనివాళ్లు దిగి మూడు రోజుల్లో రేవులో రాతి తోరణం నిలబెట్టారు. దాని మీద, "శ్రీ కీర్తికేత మహారాజు గువ్వలంక రేవును అలంకరించెను" అని చెక్కారు. రాళ్లు దించి పడవ తిరిగి వెళ్లబోతుంటే గవరయ్య తాడు పట్టుకున్నాడు.

"అయ్యా, తోరణం బాగుంది. ఈ పడవ ఉంచి పొండి, మాకదే కావాలి."

"ఇది రాళ్ల పడవయ్యా. మనుషుల పడవ కాదు" అని పడవ నడిపే సరంగు తాడు లాక్కున్నాడు.

తోరణం కింద మేకలు నీడకు పడుకునేవి. ఇంకెందుకూ పనికిరాలేదు.

వైశాఖం వచ్చింది. పైడికి ఆరో నెల. "నేనే పోతాను" అంది.

"ఈ స్థితిలోనా?" అన్నాడు గవరయ్య.

"ఈ స్థితిని చూస్తేనన్నా తెలుస్తుందేమో మావా. శాలువా కప్పితే మూసుకుపోయేది కాదుగా ఇది."

ఇద్దరూ ఎండలో నడిచారు. పైడి చెంగున చద్దన్నం మూట, ఉల్లిపాయ. రాజసభలో అరిటాకులు వేశారు. పైడి ముందూ వేశారు. రాజు ఒక్కొక్కరికే వడ్డిస్తూ ఆమె దగ్గరికి వచ్చాడు. చందనం వాసన. చల్లని చూపు. పైడికి ఒక్క క్షణం గుండె కరిగిపోయింది. ఇంత అందమైన మనిషిని ఎలా కాదనడం అనిపించింది. కడుపులో పిల్ల కదిలింది. ఆమె రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టింది.

సభలో గుసగుసలు లేచాయి. మంత్రి సుముఖుడు ముందుకు వచ్చాడు. "ఏమమ్మా, ప్రభువుల చేతి వడ్డన కాదంటావా?"

"కాదనడం లేదండి. మొర విన్నాక వడ్డించమంటున్నాను. మా ఊళ్లో ఒక కట్టుంది. తిన్నాక ఇక మా నోరు లేవదు. ఆకలికి ఆగలేకపోతే నా చద్దిమూట నాకుంది."

రాజు నెయ్యి గిన్నె పక్కన పెట్టాడు. ఆయనకు కోపం రాలేదు. నొచ్చుకున్నాడు. అది కోపం కన్నా కష్టంగా ఉంది చూడ్డానికి.

"చెప్పు తల్లీ. మీ పెద్దకు శాలువా కప్పాను. మీ రేవుకు తోరణం కట్టించాను. నెలనెలా ఇలా నడుం వంచి వడ్డిస్తున్నాను. ఇంకా నా దగ్గర మీకు ఏం కావాలి? నిజంగానే అడుగుతున్నాను. నాకు తెలియడం లేదు."

పైడి అంత పెద్ద ప్రశ్న ఎప్పుడూ వినలేదు. చదువుకున్నది కాదు. తోచింది తోచినట్టు చెప్పింది.

"పొద్దున లేచి రేవుకి పోతే పడవ ఉండాలి ప్రభూ. ఎక్కితే అవతలికి దించాలి. జ్వరమొస్తే వైద్యుడి దగ్గరికి, నెలలు నిండితే మంత్రసాని దగ్గరికి దారి ఉండాలి. ఇంతే. ఆ పడవ ఎవరు వేయించారో మాకు గుర్తు కూడా రాకూడదు. మిమ్మల్ని తలుచుకోవలసిన అవసరం లేకుండా మా రోజు గడిచిపోతే, మీరు బాగా ఏలుతున్నట్టే."

 సుముఖుడు మొహం గంటు పెట్టుకున్నాడు. రాజు ఆమె కడుపు వైపు చూశాడు. తరువాత అన్నాడు:

"నీకు నెలలు నిండేది ఎప్పుడు?"

"శ్రావణంలోనండి."

"ఆషాఢం రాకముందే మీ రేవులో పడవ ఉంటుంది. ఇది నా మాట."

పైడి కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచాను అనుకుంది. నిజంగానే గెలిచింది. రాజు మళ్లీ గిన్నె అందుకున్నాడు. ఈసారి ఆమె చేతులు అడ్డం పెట్టలేదు. తృప్తిగా మూడు ముద్దలు తింది.

అప్పుడు సుముఖుడు తాళపత్రం మీద రాయించడం మొదలుపెట్టాడు. "గువ్వలంకకు రేవు పడవ. హంస తల ఉన్నది. శుభముహూర్తం చూసి, ప్రభువులే స్వయంగా జలప్రవేశం చేయించవలెను."

పైడి చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. హంస తల ఎందుకండీ, ముహూర్తం కోసం ఎన్నాళ్లండీ, మామూలు పడవ రేపే పంపండి అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోట్లో ముద్ద ఉంది. ఆ ముద్ద వేసిన చెయ్యి ఎదురుగా ఉంది. లంకలో పుట్టిన మనిషి. నోరు లేవలేదు.

'మాటిచ్చారు కదా' అని సర్దుకుంది. ముద్ద మింగింది.

జ్యేష్ఠం సగమైంది. పడవ రాలేదు. ఒకరోజు గవరయ్య ఏటి వైపు చూస్తూ అన్నాడు.

"పైడీ, ఏరు ఇంకా పలచగానే ఉంది. ఇప్పుడే దోనె మీద అవతలికి పోదాం. ముత్యాలమ్మ పంచన ఏ మూలో పడుందాం, పురుడయ్యేదాకా."

"మంచాన పడ్డ మీ అమ్మని ఎవరికి వదిలేస్తాం? అయినా రాజుగారు మాటిచ్చారు మావా. నువ్వు వినలేదా ఏంటి, ఆయన ఎలా చెప్పారో? అబద్ధమాడే కళ్లు కావవి."

"కళ్లు చూసి ఏరు దాటలేం కదే."

"నీకు ఎవరి మీదా నమ్మకం లేదు. నా మీద కూడా లేదు."

 పైడి రోజూ పొద్దున్నే తోరణం కిందికి వెళ్లి నిలబడేది. ఎగువన ఏ దుంగ తేలుతూ వచ్చినా, హంస తలలాగే కనిపించేది.

ఆషాఢం వచ్చింది. ఎర్రనీరు దిగింది. ఏరు పొంగి రెల్లు సగం దాకా మునిగింది. ఇక దోనెలు కట్టేశారు.

శ్రావణ శుద్ధ నవమి నాడు తెల్లారగానే పైడికి నొప్పులు మొదలయ్యాయి. వాన పడుతోంది. భూలోకం ఒడ్డున నిలబడి గొంతు చించుకుని కేకలు పెట్టాడు. ఆ కేక విని ముత్యాలమ్మ పరుగున వచ్చింది. తల మీద మూట, చేతిలో గొడుగు. అవతలి గట్టున నిలబడింది. ఇటు వీళ్లు, అటు ఆమె. ఒకరికొకరు కనిపిస్తున్నారు. మధ్యలో ఏరు.

గవరయ్య దోనె విప్పాడు. మొదటిసారి ఒడ్డు దాటకుండానే తిరగబడింది. రెండోసారి పది బారలు పోయాక తిరగబడింది. మూడోసారి దోనె కొట్టుకుపోయింది. అతన్ని నలుగురు తాడేసి లాగారు.

ముత్యాలమ్మ చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందేమో చూడండి, ఇలా తిప్పండి, అలా పట్టండి అని కాబోలు. ఆమె గొంతు ఏటి హోరులో కలిసిపోయింది. "వినబడ్డంలేదు!" అని భూలోకం అరిచాడు. "మళ్లీ చెప్పు! వినబడ్డంలేదు!" అరిచి అరిచి, మిట్టమధ్యాహ్నానికి అతని గొంతు పోయింది.

పుట్టింది ఆడపిల్లే. ఏడవలేదు.

అవతలి గట్టున ముత్యాలమ్మ ఇంకా నిలబడే ఉంది. గవరయ్య ఒడ్డుకు వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆమె గొడుగు మూసి, వానలో తడుస్తూ వెళ్లిపోయింది.

రెల్లు పక్కన, వరద ఎక్కని మెరక మీద చిన్న గుంట తీశారు. పైడి ఒక్క మాట అడిగింది. "ముక్కు ఎవరిది మావా?"

"నీదే" అన్నాడు గవరయ్య.

విజయదశమి నాడు పడవ వచ్చింది.

హంస తల. దాని మెడలో బంతిపూల దండ. వెనక మేళతాళాలు. పడవలో రాజు, మంత్రి, పరివారం. లంక అంతా రేవులో చేరింది కానీ ఎవరూ జయం పలకలేదు. సుముఖుడు చుట్టూ చూసి భూలోకాన్ని గుర్తుపట్టాడు.

"నువ్వేగా పెద్ద గొంతువాడివి? ప్రభువులకు జయం పలుకు!"

భూలోకం పెదాలు కదిలించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కవాడు చెప్పాడు. "గొంతు పోయిందండి. శ్రావణంలో పోయింది."

పైడి ముందుకు వచ్చి పడవ అంచు మీద చెయ్యి వేసింది. మంచి టేకు. నున్నగా ఉంది. సరంగును అడిగింది.

"అన్నా, ఇది ఎప్పుడు తయారైంది?"

సరంగు అమాయకుడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. "జ్యేష్ఠం ఆఖరుకే అయిపోయిందమ్మా. ఆషాఢంలో మంచిది కాదన్నారు. శ్రావణంలో ముహూర్తం కుదిరింది గానీ హంస ముక్కుకు బంగారు పూత అవలేదన్నారు. భాద్రపదం శూన్యమాసమన్నారు. మూడు నెలలుగా రాజధాని రేవులో కట్టేసే ఉంది. రోజూ పూలదండ మార్చేవాణ్ణి."

పైడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

రాజు ఆమెను చూసి నవ్వుతూ దిగాడు. "చూశావా తల్లీ, మాట నిలబెట్టుకున్నాను. ఇంకేం కావాలో కోరుకో."

"ఈ పడవ రేపు పొద్దున కూడా ఇక్కడే ఉండాలి ప్రభూ."

సుముఖుడు నవ్వాడు. "అదెలా కుదురుతుందమ్మా? ఎల్లుండి సాయంత్రం రాజధానిలో తెప్పోత్సవం. ప్రభువులు ఇందులోనే వేంచేయాలి. జనమంతా చూడాలని అయిదు రోజులు అక్కడే ఉంచుతాం. ఆ తరువాత పంపిస్తాం."

రాజు నవ్వు మాత్రం ఆగిపోయింది. ఆయన పైడి నడుం వైపు, ఖాళీ చేతుల వైపు చూశాడు. నెలలు నిండేది ఎప్పుడని వైశాఖంలో తాను అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది.

"నీ బిడ్డ?"

 పైడి రెల్లు పక్కన మెరక వైపు చూసింది. ఆమె చూపు వెంట రాజు చూపు వెళ్లింది. చిన్న ఇసుక దిబ్బ. దాని మీద మూడు గులకరాళ్లు.

"ఎప్పుడు?"

"శ్రావణ శుద్ధ నవమి."

ఆ రోజు పడవకు తాను ఏ దండ వేశాడో సరంగుకు తెలుసు. అతను తల దించుకున్నాడు.

మేళాలు ఆగిపోయాయి.  రాజు పడవ మెడలో దండ తనే తెంపి నీళ్లలో వేశాడు. "ఈ పడవ ఇక్కడే ఉంటుంది. ఇప్పటినుంచీ."

"మరి తమరు వెళ్లడం?" అన్నాడు సుముఖుడు కంగారుగా.

"రేవు పడవ అవతలి గట్టుకే పోతుందండి" అన్నాడు సరంగు. "అక్కణ్ణుంచి నడకే. రెండు రోజులు."

"అయితే ముందు ప్రభువులను దాటించు!"

సరంగు ఎవరి మాట వినాలో తెలియక పైడి వైపు చూశాడు. పైడి గొంతు పెంచలేదు. "వరస ఉందన్నా" అంది.

మొదటి విడతలో సూరన్నను మంచంతో సహా ఎక్కించారు. ఆయనకు ఎనిమిది రోజులుగా జ్వరం. వైద్యుడు అవతల ఉన్నాడు. రెండో విడతలో తవుడమ్మ ఎక్కింది. ఆమెకు ఎనిమిదో నెల. ముత్యాలమ్మ ఇంటి పక్కనే ఉంటానని మూట సర్దుకుంది. పడవ ఎక్కుతూ ఒక్కసారి పైడి వైపు చూసి, చూడలేక తల తిప్పుకుంది.

ఆ రెండు విడతలూ అయ్యేదాకా కీర్తికేత మహారాజు పట్టుబట్టలతో ఇసుకలో కూర్చున్నాడు. ఎవరూ వింజామర వీచలేదు. ఎవరూ తిట్టనూ లేదు. ఎవరి పని వాళ్లు చూసుకుంటున్నారు. ఆడవాళ్లు బిందెలు తోముకున్నారు. మేకలు ఆయన పక్కనుంచే నడిచి వెళ్లాయి. మూడో విడతలో, మిరపకాయల బస్తాల పక్కన, రాజు ఏరు దాటాడు. దిగి బురదలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తరువాత రాజు మారాడా అని మీరు అడుగుతారు. కొంత మారాడంటారు పెద్దలు. ముహూర్తాలు తగ్గాయంటారు. కావచ్చు. రాజు ఎంత మారినా శ్రావణ శుద్ధ నవమి మాత్రం వెనక్కి రాదు కదా.

మర్నాడు పొద్దున పడవ రేవులోనే ఉంది. ఆ మర్నాడూ ఉంది. తవుడమ్మకు కార్తీకంలో అవతలి గట్టున కొడుకు పుట్టాడు, గట్టిగా ఏడ్చాడట. ఏడాది తిరిగేసరికి ఆ పడవ ఎవరు వేయించారో లంకలో ఎవరికీ గుర్తు లేదు. అందరూ ఎక్కారు, దిగారు. రోజూ సరంగు బయలుదేరే ముందు పైడిని పిలిచేవాడు.

"రా చెల్లీ, ఒక్కసారన్నా ఎక్కవా?"

పైడి తల అడ్డంగా ఊపేది. ఎక్కేది కాదు. అవతలి గట్టున ఆమెకు ఇక పనేమీ లేదు.

నీతి: ఏలేవాడి దగ్గర ప్రజలు కోరేది దయా కాదు, పండుగా కాదు, వేళకు జరిగే పని; వేళ దాటాక వచ్చిన మేలు ఎంత గొప్పదైనా అది పోయినవాళ్లకు అందదు.